వంశవృక్ష సాఫ్ట్‌వేరు – అందలి సహాయపు పుటలు

పలు కుటుంబముల పెండ్లిండ్లలో పురోహితుడు ప్రవర చెప్పునప్పుడు వధూవరుల ముత్తాత, తాత, తండ్రి అను మూడు తరముల పేర్లు వినవచ్చును. అంతకు పైతరము వారెవరని అడిగినచో మనలో పెక్కుమంది ఇంటి పెద్దల ముఖము చూతురు. పూర్వము భట్రాజులు వంశావళులను కంఠస్థము చేసి చెప్పుచుండిరి. కాలిన్ మెకంజీ (1754–1821) కొరకు కావలి సోదరులు మొదలగువారు సేకరించిన వ్రాతప్రతులలోను వంశావళులు గలవు. నేడు ఈ పనికి కంప్యూటరులో వంశవృక్ష సాఫ్ట్‌వేరు వచ్చినది. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క పత్రము నింపి, దంపతులను, బిడ్డలను ఒకరితో నొకరిని ముడిపెట్టినచో, వృక్షమును యంత్రమే గీయును.

ఇట్టి సాఫ్ట్‌వేరులో చిక్కు కలిగినప్పుడు చూచుకొనుటకు వివరణలు అమర్చబడి యుండును. సాధారణముగా ఎఫ్1 మీటను గాని, ప్రశ్నార్థకపు గుర్తును గాని నొక్కినచో అవి తెరచుకొనును. వీనినే సహాయపు పుటలందురు. ఇవి మనవంటివారికి ఎంతవరకు ఉపయోగపడునో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

గత సంవత్సరము మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులచే తమ తమ వంశవృక్షములను ఒక సాఫ్ట్‌వేరులో వ్రాయించితిమి. మొదటి గడియే వారిని ఆపినది. ఆ గడిలో వంశనామము వ్రాయవలెనని యుండెను. "అయ్యా, ఇంటిపేరు వ్రాయవలెనా, ఇనీషియలు వ్రాయవలెనా?" అని ఒక విద్యార్థి అడిగెను. సహాయపు పుటను తెరచి చూడుమంటిమి. "ఈ గడిలో వంశనామమును నింపవలెను" అని మాత్రమే అందు గలదు. తెలియని మాటను ఆ మాటతోనే చెప్పిన, అది వివరణ యెట్లగును?

మింజూరు, పొన్నేరి ప్రాంతములలో ఈ సందేహము సహజము. మన తెలుగువారి ఇంటిలో ఇంటిపేరు పలుకబడుచుండును. బడి పట్టికలో మాత్రము తండ్రి పేరులోని మొదటి అక్షరమే యుండును. ఆ విద్యార్థి తన తండ్రి పేరును, తండ్రి పత్రములో తాత పేరును, తాత పత్రములో ముత్తాత పేరును వంశనామముగా నింపెను. తరమునకొక వంశనామము పడినది. ఆ కుటుంబపు ఇంటిపేరు మాత్రము ఎక్కడను కనబడలేదు. పట్టికలలో లేని ఇంటిపేరును వంశవృక్షములో నైనను వ్రాయనిచో, అది మరి యెక్కడ నిలుచును?

యంత్రమునకు ఇంటిపేరును దాచుకొను శక్తి లేకపోలేదు. వంశవివరములను ఒక సాఫ్ట్‌వేరునుండి వేరొకదానికి పంపుటకు గెడ్‌కామ్ అను పద్ధతి గలదు. దీనిని అమెరికాలోని లేటర్ డే సెయింట్స్ చర్చి వారు 1984లో వెలువరించిరి; 7.0 అను కూర్పు 2021లో వచ్చినది. ఇందు వంశనామమును రెండు ఏటవాలు గీతల నడుమ నుంతురు. అది పేరునకు వెనుక నైనను ఉండవచ్చును, మనవలె ముందైనను ఉండవచ్చును. 2001లో ఆరంభమైన గ్రాంప్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో, వంశనామము పరంపరగా వచ్చినదో, తండ్రి పేరునుండి వచ్చినదో, ఊరినిబట్టి వచ్చినదో, వృత్తినిబట్టి వచ్చినదో గుర్తించు వీలు గూడ గలదు. కొట్టులో సరకున్నది, తలుపెక్కడ నున్నదో చెప్పువాడు కావలెను. ఆ చెప్పువాడే సహాయపు పుట.

రెండవ చిక్కు కాలమునుగూర్చినది. పాత జాతకములో "విళంబి నామ సంవత్సరము" అని మాత్రమే యుండవచ్చును. అరువది సంవత్సరముల కొకసారి వచ్చు ఆ పేరు 1898లో ఆరంభమైన సంవత్సరమునకును, 1958లో ఆరంభమైన దానికిని, 2018లో ఆరంభమైన దానికిని చెల్లును. గెడ్‌కామ్‌లో గ్రెగోరియన్, జూలియన్, హీబ్రూ, ఫ్రెంచి విప్లవ పంచాంగములకు స్థానము గలదు గాని మన సంవత్సర నామములకు ప్రత్యేక స్థానము లేదు. అయినను తేదీని మాటలలో వ్రాయవచ్చును. "మీకు దొరికిన మాటను దొరికినట్లే వ్రాయుడు, నిశ్చయముగా తెలిసిననే అంకెలలోనికి మార్చుడు" అని సహాయపు పుట చెప్పవలెను. చెప్పనిచో బాలుడు ఊహించి వ్రాయును; అరువది యేండ్ల పొరపాటుతో తాత మనుమని యీడువాడగును.

మూడవ చిక్కు స్థలమునుగూర్చినది. తిరుత్తణిలో 1955లో పుట్టిన అన్న ఆంధ్ర రాష్ట్రమున, చిత్తూరు జిల్లాలో పుట్టెను. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమున చేరినది గనుక, 1965లో అదే యింట పుట్టిన తమ్ముడు మదరాసు రాష్ట్రమున పుట్టెను. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడిన పిమ్మట ఆ యూరు ఆ జిల్లాకు చెందినది. ఇల్లు కదలలేదు, ఎల్లలు కదలినవి. ఒక ఊరు ఏ కాలమున ఏ జిల్లాకు చెందెనో తేదీలతో వ్రాయు వీలు గ్రాంప్స్‌లో గలదు. ఇట్టి ఉదాహరణము నొక్కదానిని చూపినచో విద్యార్థికి క్షణములో బోధపడును.

నాలుగవది మేనరికము. పూర్వీకులకు అంకెలిచ్చు జర్మను పద్ధతి యొకటి గలదు; పేరు ఆనెన్‌టాఫెల్. పేరు కఠినమే గాని లెక్క సులభము. మీరు 1, తండ్రి 2, తల్లి 3. ఎవరి తండ్రికైనను వారి అంకెకు రెట్టింపు; తల్లికి ఆ రెట్టింపునకు ఒకటి చేర్చవలెను. కావున తండ్రి తండ్రి 4, తల్లి తల్లి 7, ఆమె తండ్రి 14. ఇప్పుడు ఒకరి తల్లి తన సొంత మేనమామను పెండ్లాడినదనుకొందము. తండ్రికి తండ్రియే అమ్మమ్మకును తండ్రి గదా! కావున 4, 14 ఒక్కరే యగుదురు. మన విద్యార్థి దీనిని చూచి తాను తప్పు చేసితినని భయపడి, ఒకే మనిషికి రెండు పత్రములు వ్రాయును. "ఇది తప్పు కాదు, క్రొత్త పత్రము వ్రాయక, ముందున్న పత్రమునకే ముడిపెట్టుడు" అను రెండు మాటలు అచ్చట నున్నచో చాలును.

సహాయపు పుట మంచిదా కాదా యని తెలిసికొనుట యెట్లు? అంతర్జాతీయ ప్రమాణము 9241-11 (1998, సవరణ 2018) మూడు సంగతులను చూడుమనుచున్నది: పని సరిగా నెరవేరినదా, ఎంత శ్రమపడవలసి వచ్చెను, చేసినవారికి తృప్తి కలిగినదా. ఐ.బి.ఎం. పరిశోధకుడైన జాన్ కారల్ 1990లో ప్రకటించిన గ్రంథములో, క్రొత్తగా నేర్చువారు పుస్తకమంతయు చదివి పనికి దిగరనియు, పనిలో దిగి చిక్కుకొన్నప్పుడే వెదకుదురనియు చూపెను. కావున వివరణ క్లుప్తముగా నుండవలెను, పనినిబట్టి యుండవలెను, తప్పును గుర్తించి దిద్దుకొను దారిని చూపవలెను.

ఇంకొక సంగతి. గ్రాంప్స్‌లో సహాయము కోరినచో మార్గదర్శి ఇంటర్నెట్టులో తెరచుకొనును. అందలి లోపములను ఎప్పటికప్పుడు దిద్దవచ్చుననుట దీనివలని లాభము. ఇంటర్నెట్టు లేనిచోట చేతికందదనుట నష్టము. అట్టివారికి ముఖ్యమైన పుటలను ముందే అచ్చువేసి యుంచుట మేలు.

మా విద్యార్థులు తమకు కలిగిన సందేహములను చేర్చి తెలుగులో ఒక సహాయపు పుటను వ్రాసిరి. దానిని ఎనిమిదవ తరగతి వారి చేతికిచ్చి, మేము ప్రక్కన నిలిచి ఒక్క మాటయు చెప్పలేదు. వారు రెండుచోట్ల ఆగిరి. "బోధపడినదా?" అని అడిగియుండినచో అందరును తల యూపియుందురు, పని చేయించినందున లోపము బయటపడినది. ఆ రెండుచోట్లను తిరిగి వ్రాయించితిమి. మొదటి వాక్యము మాత్రము అట్లే యున్నది: "మీ ఇంటిపేరును మీ అవ్వనడిగి వ్రాయుడు, ఇనీషియలును వేరుగా వ్రాయుడు."

విద్యార్థులారా, సాఫ్ట్‌వేరులోని లోపములను రేపైనను దిద్దవచ్చును. అవ్వ జ్ఞాపకములో నున్న పేర్లకు అంత గడువు లేదు. ఈ సెలవులలో కంప్యూటరు దొరకకపోయినను కాగితము, కలము తీసికొని ఆమె యొద్ద కూర్చుండుడు.