పూతరేకు, మందు పొర

పూతరేకు మీలో చాలామంది తినే ఉంటారు. తినకపోతే, ఈసారి గోదావరి జిల్లాల నుంచి ఎవరైనా వస్తుంటే తెమ్మని అడగండి. కోనసీమలోని ఆత్రేయపురంలో వేడి కుండను బోర్లించి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డను ముంచి, ఆ కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తారు. క్షణంలో కాగితంకన్నా పల్చటి పొర లేస్తుంది. అదే రేకు. నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి మడతపెడతారు. నాలుక మీద పెట్టగానే కరిగిపోతుంది.

మారిషస్‌లో తెలుగువాళ్లను కోరంగివాళ్లు అనేవారని మీ ఇంట్లో చెప్పే ఉంటారు. ఆ కోరంగి రేవు కూడా గోదావరి సముద్రంలో కలిసే చోటి దగ్గరే ఉంది. కాబట్టి ఈ రేకు మనకు పరాయిది కాదు. మందుల శాస్త్రంలోని ఒక కష్టమైన విషయం అర్థం కావడానికి కూడా ఇది బాగా పనికొస్తుంది.

బియ్యంలోని పిండిపదార్థం ఒక పాలిమర్. ఒకే రకం చిన్న ముక్కలు వందలు, వేలు దండలా గుచ్చుకుంటే దాన్ని పాలిమర్ అంటారు. పూతరేకులో ఈ దండలు పక్కపక్కనే పడుకుని ఉంటాయి, ఒకదానికొకటి గట్టిగా కట్టి ఉండవు. తడి తగలగానే విడిపోతాయి. ఇప్పుడు రేకులో పంచదారకు బదులు మందు పెట్టారనుకోండి. మందంతా ఒక్కసారే బయటికి వచ్చేస్తుంది. మూడు రోజులపాటు కొంచెం కొంచెంగా రావాలంటే ఏం చేయాలి?

దండల మధ్య ముడులు వేయాలి. దీన్నే క్రాస్‌లింకింగ్ అంటారు. అమెరికాలో బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో ఇది జరిగే ఉంటుంది. తెల్ల జిగురులో బోరాక్స్ నీళ్లు పోసి పిల్లలు స్లైమ్ చేస్తారు కదా, అదే. కారే జిగురు ఒక్కసారిగా సాగే ముద్ద అవుతుంది. బోరాక్స్ అక్కడ దండకూ దండకూ ముడి వేస్తుంది. అయితే అవి వదులు ముడులు, ఊడుతూ మళ్లీ పడుతూ ఉంటాయి. అందుకే స్లైమ్ నెమ్మదిగా జారుతుంది. మందు పొరకు ఊడని ముడులు కావాలి. వాటికోసం ప్రయోగశాలల్లో ఎక్కువగా గ్లూటరాల్డిహైడ్ వాడారు. అది మిగిలిపోతే శరీరానికి మంచిది కాదు కాబట్టి బాగా కడగాలి. ఆ బాధ తప్పించుకోవడానికి కొందరు నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లాన్ని వాడి చూస్తున్నారు.

ఇంకో సంగతి. పొరను సాధారణంగా ఒకే పదార్థంతో చేయరు, రెండు కలుపుతారు. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ సూక్ష్మజీవులను ఆపుతుంది, శరీరంలో మెల్లగా విడిపోతుంది. కానీ ఒంటరిగా ఎండితే పెళుసు, మడిస్తే విరుగుతుంది. దానికి మెత్తటి పాలిమర్ ఒకటి తోడైతే వంగుతుంది. కైటోసాన్‌ను వెనిగర్‌లాంటి పల్చటి పులుపులో కరిగించి, రెండో పాలిమర్‌ను, మందును కలిపి, ముడులు వేసే పదార్థం చేర్చి, గాజు పలక మీద పోసి ఆరనిస్తారు. మామిడి తాండ్ర ఆరబెట్టినట్టే. ఎండిన ముక్కను తూచి, 37 డిగ్రీల నీటిలో నానబెట్టి మళ్లీ తూస్తారు. ముడులు తక్కువైతే పొర ఉబ్బి మందును తొందరగా వదిలేస్తుంది. ఎక్కువైతే బిగుసుకుపోయి మందును పట్టుకునే కూర్చుంటుంది. అసలు పనంతా ఈ రెండింటి మధ్య సరైన చోటు వెతకడమే.

రొయ్య పెంకు అనగానే భీమవరం గుర్తొస్తే తప్పు లేదు. ఆంధ్ర చెరువుల రొయ్యలు అమెరికా దుకాణాల్లో గుట్టలుగా ఉంటాయి. ఒరెగాన్‌లోని పోర్ట్‌లండ్‌లో రొయ్య పెంకుల కైటోసాన్‌తో తయారైన హెమ్‌కాన్ కట్టుకు 2002లో అనుమతి వచ్చింది. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో గాయపడిన సైనికుల రక్తం ఆపడానికి దాన్ని వాడారు. గోరుచిక్కుడు గింజల జిగురుకూ ఇలాంటి కథే ఉంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వై.ఎస్.ఆర్. కృష్ణయ్య బృందం 1990ల చివర్లో ఆ జిగురుతో మందు బిళ్లలు చేసింది. కడుపులో, చిన్నపేగులో ఆ జిగురు మందును చాలావరకు కాపాడుతుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు జిగురును తినేస్తాయి, మందు అక్కడ బయటపడుతుంది. కూరలో తినే కాయ గింజకు ఇంత తెలివి ఉందని ఎవరనుకుంటారు!

ఇక అమెరికాలో నిజంగా రోగి శరీరంలోకి చేరినది చూద్దాం. ఎం.ఐ.టి.లో రాబర్ట్ లాంగర్, జాన్స్ హాప్కిన్స్‌లో శస్త్రవైద్యుడు హెన్రీ బ్రెమ్ కలిసి గ్లియాడెల్ అనే చిన్న బిళ్లను తయారు చేశారు. మెదడులోని క్యాన్సర్ గడ్డను తీశాక, ఆ ఖాళీలో ఎనిమిది దాకా ఈ బిళ్లలు పరుస్తారు. ఇందులో ముడులు లేవు. పాలిమర్ పైనుంచి సబ్బులా అరుగుతూ మందును వదులుతుంది. తరవాత దాన్ని తీయడానికి మళ్లీ కోయనక్కర్లేదు. 1996లో అనుమతి వచ్చింది. 222 మంది రోగుల మీద చేసిన పరీక్షలో, బిళ్ల పెట్టినవారు మధ్యస్థంగా 31 వారాలు బతికారు, పెట్టనివారు 23 వారాలు. ఎనిమిది వారాలు తక్కువా ఎక్కువా అన్నది ఆ ఇంటివాళ్లను అడగాలి.

ముడులు వేసిన మిశ్రమ పొరల్లో ఎక్కువ భాగం ఇంకా పత్రికల్లోని పరిశోధనలే. గాజు గిన్నెలో మందును చక్కగా వదిలిన పొర, మనిషి గాయం మీద అలాగే చేస్తుందని ఎవరూ ముందే చెప్పలేరు. కాబట్టి అద్భుత పొర అంటూ ఎవరైనా అమ్మజూపితే డబ్బు తీయకండి.

అయితే ఇదే సూత్రం మీ వంటింట్లోని మందుల డబ్బాలో ఇప్పటికే ఉండవచ్చు. ఫిజీ నుంచి శాక్రమెంటోకు వచ్చిన ఇళ్లయినా, మారిషస్, దక్షిణాఫ్రికా మూలాల ఇళ్లయినా, మనలో చక్కెర జబ్బు ఎక్కువ. చెరుకు తోటల్లో చెమటోడ్చినవాళ్ల మనవలకు ఈ పేరుగల జబ్బు రావడం ఏం వింతో! దీనికి ఎక్కువగా ఇచ్చే మెట్‌ఫార్మిన్‌లో నెమ్మదిగా వదిలే రకం ఉంది. అది కడుపులో నాని జిగురు ముద్దలా మారి, గంటల తరబడి మందును వదులుతుంది. మింగడం కష్టమని నాయనమ్మకు ఆ బిళ్లను నలిపి మజ్జిగలో కలిపి ఇస్తే, రోజంతా రావాల్సిన మందు ఒక్కసారే లోపలికి పోతుంది. మెట్‌ఫార్మిన్‌తో కడుపు పాడవుతుంది. నెమ్మదిగా వదిలే నొప్పి మందులను నలిపితే ప్రాణానికే ముప్పు.

బిళ్ల పేరు పక్కన ఇంగ్లీషులో ‘ఈ.ఆర్.’ లేదా ‘ఎక్స్.ఆర్.’ అని ఉందేమో చూడండి. ఉంటే నలపవద్దు, నమలనివ్వవద్దు. మింగలేకపోతే వేరే రూపంలో దొరుకుతుందా అని ఫార్మసిస్టును అడగండి. విరవవచ్చో లేదో కూడా ఆయన్నే అడగాలి. ఒక్కోసారి మలంలో బిళ్ల ఆకారంలో మెత్తటి ముద్ద కనబడి పెద్దవాళ్లు మందు ఒంటికి పట్టలేదని బెంగపడతారు. వాళ్లకు ఇలా చెప్పండి: “నాయనమ్మా, మందు లోపలే దిగిపోయింది. ఇది ఖాళీ గూడు మాత్రమే.”