వియన్నా కేఫ్‌లలో కాఫీ హాయిగా తాగొచ్చు, కేకు మాత్రం అడిగి తినాలి

వియన్నాకు వెళ్లే ముస్లిం కుటుంబాలకు అక్కడి పాత కేఫ్‌ల ముందు ఒకటే సందేహం. అద్దాల వెనుక వరుసగా పేర్చిన కేకుల్లో ఏది హలాల్, ఏది కాదు? కొంచెం తెలుసుకుని వెళ్తే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

కాఫీ ఎక్కడి నుంచి వచ్చింది?

కాఫీ యూరప్‌ది కాదు. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రిపూట జిక్ర్‌లో నిద్ర రాకుండా దీన్ని తాగేవారు. అక్కడి నుంచి మక్కా, కైరో, ఇస్తాంబుల్ చేరింది. ‘కాఫీ’ అనే మాట కూడా అరబీ ‘ఖహ్వా’ నుంచి తుర్కీ మీదుగా వచ్చిందే. 1683లో వియన్నాను ముట్టడించిన ఉస్మానీ సైన్యం వదిలేసిన గింజల సంచులతోనే అక్కడ తొలి కేఫ్ మొదలైందని ఒక కథ ప్రచారంలో ఉంది. కానీ రికార్డుల ప్రకారం 1685లో జొహానెస్ డియోడాటో అనే ఆర్మేనియా వ్యాపారికి కాఫీ అమ్మే అనుమతి దొరికింది.

ఇప్పటికీ నడుస్తున్న కేఫ్ లాండ్ట్‌మన్ 1873లో, కేఫ్ సెంట్రల్ 1876లో మొదలయ్యాయి. కాఫీతో పాటు చిన్న ట్రేలో గ్లాసు మంచినీళ్లు ఇస్తారు. ఒక్క కప్పుతో గంటలకొద్దీ కూర్చున్నా లేవమని ఎవరూ అనరు.

ఏ కాఫీ అడగాలి?

మెలాంజ్ అంటే వేడి పాలు, నురగతో ఇచ్చే కాఫీ. పిల్లలకు హాట్ చాక్లెట్ దొరుకుతుంది. ఫియాకర్, మరియా తెరేసియా అనే పేర్లు కనిపిస్తే మాత్రం వద్దనండి. మొదటిదాంట్లో రమ్ లాంటి మద్యం, రెండోదాంట్లో నారింజ లిక్కర్ కలుపుతారు.

కేకుల సంగతి

సాహర్ టోర్టె ఇక్కడ అన్నిటికన్నా పేరున్న కేకు. 1832లో ఫ్రాంజ్ సాహర్ అనే 16 ఏళ్ల కుర్రాడు దీన్ని తయారుచేశాడని చెబుతారు. చాక్లెట్ కేకుకు ఆప్రికాట్ జామ్ పూసి, పైన చాక్లెట్ పోస్తారు. ఆపిల్ స్ట్రూడెల్ పిండిని కాగితంలా పల్చగా సాగదీసి చేస్తారు. అయితే అందులోని కిస్మిస్‌లను చాలాచోట్ల రమ్‌లో నానబెడతారు. గులాబీ రంగు పూత ఉండే పుంష్‌క్రాప్ఫెన్‌ లోపల రమ్ కలిపిన ముద్ద ఉంటుంది. దాన్ని మళ్లీ ఓవెన్‌లో పెట్టరు కాబట్టి ‘కాల్చితే ఆవిరైపోతుందిలే’ అనుకోవడానికి వీల్లేదు. క్రీమ్ కేకులు గట్టిపడటానికి జెలటిన్ వాడొచ్చు. అది పంది నుంచి తీసినదీ కావచ్చు.

మెనూ చూస్తే సరిపోదా?

సరిపోదు. మెనూలో వంటకం పక్కన కనిపించే ఏ, సీ, జీ లాంటి అక్షరాలు అలర్జీ హెచ్చరికలు మాత్రమే. యూరోపియన్ యూనియన్ జాబితాలో గోధుమ, గుడ్డు, పాలు లాంటి 14 రకాలున్నాయి. మద్యం, పంది కొవ్వు అందులో లేవు. అంటే అక్షరం లేదు కదా అని హలాల్ అనుకోకూడదు.

అందుకే ఆర్డర్ ఇచ్చే ముందు వెయిటర్‌ని మూడు ప్రశ్నలు అడగాలి. ఇందులో రమ్ గానీ, ఇంకేదైనా మద్యం గానీ ఉందా? జెలటిన్ ఉందా, ఉంటే దేనిది? పంది కొవ్వు వాడారా? పర్యాటకులు ఎక్కువగా వచ్చే కేఫ్‌లలో ఇంగ్లీషులో అడిగినా చెబుతారు. జర్మన్‌లో పంది కొవ్వును ‘ష్వైనెష్మాల్ట్స్’ అంటారు, ‘మద్యం లేకుండా’ అనడానికి ‘ఓనె ఆల్కొహోల్’ అంటారు. ఈ రెండు మాటలు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే మంచిది. జవాబు సరిగ్గా తేలకపోతే కేకు వదిలేసి మెలాంజ్ తాగి రండి. వియన్నా కేఫ్‌లో కూర్చున్న ఆనందం దానికే దక్కుతుంది.