గ్రామనామముల కొలత: పైథాన్ నుండి సి లైబ్రరీకి

కృష్ణా మెట్టసీమలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల గ్రామనామసూచికను కంప్యూటరుపై కూర్చునపుడు కొన్ని నామములు తెగిపోవచ్చును. దోషము సేకరణలోనే యుండనక్కరలేదు. పైథాన్‌లోని పాఠమును సి భాషలో నిర్మించిన లైబ్రరీకి అందించుచోట నుండవచ్చును.

'నందిగామ'లో మనము 4 అక్షరములు చదువుదుము. పైథాన్ 7 లెక్కించును. ఏలయన యూనికోడ్‌లో సున్నకును, గుణింతపు గుర్తులకును వేర్వేరు సంకేతములు కలవు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేత మొక్కొక్కటి 3 బైట్లు. కావున సి లైబ్రరీకి చేరవలసినవి 21. ఆ లైబ్రరీ అక్షరముల నెరుగదు. బఫరు మొదలెక్కడ, బైట్లెన్ని, ఇవియే దానికి కావలెను. పైథాన్ చెప్పిన 7నే పొడవుగా పంపినచో 'నం' మాత్రము మిగిలి, వెనుక నొక బైటు అనాథయై వ్రేలాడును. ఇది మేలైన తప్పు. మరల చదువబోవునపుడు పైథానే దోషమని తెలుపును. 'జగ్గయ్యపేట' సంగతి వేరు. దాని 30 బైట్లను 16 బైట్ల బఫరులో నిమిడ్చినచో, ముగింపు శూన్యబైటు పోను 'జగ్గయ' యను నిర్దుష్టరూపము నిలుచును. దానిని పాఠభేదమని భ్రమించిన పరిశోధకుని మేము తప్పుపట్టజాలము.

కావున పాఠమును ముందు బైట్లుగా మార్చి, ఆ బైట్లనే లెక్కింపవలెను. శూన్యబైటుతో ముగియవలసినచో ఆ రెండు నామములకు 22, 31 బైట్ల చోటు కావలెను. లైబ్రరీయే వ్రాయునట్టిదైనచో పైథాన్ బైట్ల నీయరాదు, అవి మార్పరానివి. అందులకు సీటైప్స్‌లో వేరుగా బఫరు నిర్మించు సదుపాయము కలదు. పిలుపు ముగిసిన పిదపను లైబ్రరీ ఆ చిరునామాను దాచుకొనునేని, అంతవరకు బఫరును పైథాన్‌లో నొక చరరాశికి కట్టి నిలుపవలెను. లేనిచో ఆ స్థలము మరియొక పాఠమునకు దక్కవచ్చును.