పారవేసే తొక్కలు – పనికివచ్చే రంగులు

ఉర్దూలో ఉల్లిపాయ పేరిట ఒక గులాబి ఛాయను ‘ప్యాజీ’ అనీ, వంకాయ పేరిట ఊదా రంగును ‘బైంగనీ’ అనీ అంటాము. తెలుగులో ‘ఉల్లిపొర రంగు’, ‘వంగపండు రంగు’ అన్న మాటలు ఉండనే ఉన్నవి. రెండు భాషలూ రంగుల పేర్లను కూరల బుట్టలో నుంచే ఏరుకొన్నవి. ఆ బుట్టలో మనము పారవేసే భాగం నుంచి రంగునే తిరిగి రాబట్టవచ్చునా? అది గుత్తి వంటి కరవు సీమకు ఎంతవరకు ఉపకరిస్తుంది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

మొక్కలలోని వర్ణద్రవ్యాలను స్థూలంగా రెండు తెగలుగా విభజింపవచ్చు. మొదటివి నూనెలో కరిగేవి. టమోటాకు ఎరుపునిచ్చే లైకోపీన్, క్యారట్‌లోని బీటా కెరోటిన్ ఈ తెగవి. రెండింటి అణువులోనూ 40 కర్బన పరమాణువులు, 56 హైడ్రోజన్ పరమాణువులే. అమరికలోని భేదమే రంగులోని భేదం. రెండవవి నీటిలోనికి దిగేవి. వంకాయ తొక్కలోని ఆంథోసయనిన్, బీట్‌రూట్‌లోని బీటానిన్, ఉల్లిపొర, దానిమ్మ తొక్కల పసుపు ఇట్టివి. ఏది దేనిలో కరుగుతుందో తెలిస్తే రంగు తీసే మార్గం సగం తెలిసినట్లే.

మన పొరుగున ఉన్న పత్తికొండలో ధర పతనమైనపుడు రైతులు టమోటాలను పారబోయడం పలుమార్లు జరిగింది. ఆ కుప్పల నుంచి లైకోపీన్ తీయరాదా అని ఎవరికైనా తోస్తుంది. అయితే లెక్క చూడవలె. కిలో టమోటాలలో లైకోపీన్ సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములు; అనగా టన్ను టమోటాలకు 30 నుంచి 50 గ్రాములు మాత్రమే. దానిని వేరుచేయడానికి హెక్సేన్ వంటి ద్రావణులో, అధిక పీడనంలోని కార్బన్ డయాక్సైడో కావలె. తీసిన రంగును వెలుతురు, గాలి సోకకుండా కాపాడవలె. కండలో కన్న తొక్కలో లైకోపీన్ అధికం కనుక, తొక్కలు గుట్టలుగా మిగిలే సాస్ కర్మాగారానికి ఇది తగిన పని. ఒంటరి రైతుకు దీనిని ఉపాయంగా బోధించడం సులభమే గాని, ధర్మం కాదు.

మనకు అందుబాటులో ఉన్నది దానిమ్మ తొక్క, ఉల్లిపొర. దానిమ్మ మన జిల్లా పంట. కలంకారీ అద్దకంలో పసుపుకు దానిమ్మ తొక్కను వాడడం కలదు. 1856లో విలియం పెర్కిన్ కృత్రిమ ఊదా రంగును కనుగొన్న పిమ్మట క్రమంగా రంగ్‌రేజుల పాత కుండలు మూలపడినా, ఆ విద్య పూర్తిగా నశించలేదు.

విధానం కష్టమైనది కాదు. ఎండిన తొక్కలను బట్టకు సమానమైన తూకంలో తీసికొని, ఒక గంట సన్నని మంటపై కాచి వడకట్టవలె. నూలుబట్టకు ముందుగా కరక్కాయ కషాయం పట్టించి, 100 గ్రాముల బట్టకు సుమారు 15 గ్రాముల పటిక కరిగించిన నీటిలో నానబెట్టవలె. పటికలోని అల్యూమినియం నూలుపోగుకూ రంగుకూ నడుమ ముడివంటిది. పటికకు బదులు, ఇనుపముక్కలను బెల్లపు నీటిలో ఊరబెట్టి తీసిన ద్రవం వాడితే దానిమ్మ పసుపు నలుపు వైపు తిరుగుతుంది.

ఇక నీటి మాట. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే జిల్లా మనది. అద్దకంలో ఉతుకులు అనేకం. కావున ఒకసారి వాడిన రంగునీటిలోనే లేత ఛాయలు వేసికొనడం, కడిగిన నీటిని మరల వాడడం అవసరం. సహజ రంగైనంత మాత్రాన నిరపాయమని తలపరాదు. క్రోమియం లవణాలతో రంగును నిలిపితే ఆ విషం మన పొలాలకే చేరుతుంది.

విద్యార్థులు పండ్ల దుకాణాల నుంచి తొక్కలు సేకరించి, రంగువేసిన గుడ్డపీలికలో సగం కప్పి, సగం ఎండలో ఉంచి, ఎన్ని దినాలకు వెలిసినదో, ఎంత నీరు ఖర్చైనదో వ్రాసి పెట్టవచ్చు. కళాశాల సంఘంవారు ఇందుకు ప్రయోగశాలలో ఒక మూల, ఒక త్రాసు సమకూర్చితే చాలును. లాభమున్నదని చెప్పడానికి ముందు లెక్క చూపగలగడమే చదువుకు ప్రయోజనమని మా నమ్మకం.