పులుపున్నది జాడీకి.. లేనిది ఎండకు
మేడతోట దిగుబడి నిల్వలో పెద్దల లెక్క ఇదే

ఉప్పల్, నాచారం: రెవెన్యూ పరిభాషలో బాగాయత్ అంటే తోట భూమి. ఆ మాట ఉప్పల్ భగాయత్ పేరులో నేటికీ మిగిలి ఉంది. మూసీ చెంతనున్న ఆ నేలలో ఇప్పుడు హెచ్ఎండీఏ లేఅవుటు, దాని సమీపాన మెట్రో రైలు డిపో కనిపిస్తాయి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైంది. నాచారం వైపు పారిశ్రామికవాడ, దాని చుట్టూ కాలనీలు విస్తరించాయి. ఇంటి వెనుక పెరడు క్రమేణా మేడపైకి చేరింది.

కుండీల్లో టమాటా, గోంగూర, వంగ, కాకర, చిక్కుడు పండించే గృహస్థులకు సాగు కంటే నిల్వే పెద్ద చిక్కు. కాపు మొదలైతే ఇంటి అవసరానికి మించి ఒకేసారి చేతికొస్తుంది. ఇరుగుపొరుగుకు పంచగా మిగిలింది వాడిపోతుంది. దాన్ని సీసాకెత్తి నూనె పోస్తే చాలునని కొందరు భావిస్తుంటారు. అన్ని కూరగాయలకూ ఇది వర్తించదు. ఏది జాడీలో పెట్టాలి, ఏది ఎండబెట్టాలి అన్న విషయంలో తెలుగు వంటింటికి స్పష్టమైన పద్ధతి ఉంది.

జాడీకి చేరేవి

నిల్వ పచ్చళ్లను వరుసగా పరిశీలిస్తే ఆ పద్ధతి బోధపడుతుంది. మామిడి, నిమ్మ, ఉసిరి, చింతకాయ, గోంగూర.. అన్నీ పుల్లనివే. పులుపు చాలని పండుమిరపకు, టమాటాకు చింతపండు తోడవుతుంది. ఇది రుచి కోసమేనని చాలామంది అనుకుంటారు. ఇందులో ఆరోగ్య రక్షణ కూడా ఇమిడి ఉంది.

క్లాస్ట్రీడియం బొటులినం అనే సూక్ష్మజీవి గాలి చొరని చోట పెరుగుతుంది. అది విడుదల చేసే విషం నరాలను దెబ్బతీసి ప్రాణాపాయం కలిగిస్తుంది. దాని బీజాలు మామూలుగా మరిగించినా నశించవు. అయితే పులుపును అది తట్టుకోలేదు. పులుపు పెరిగేకొద్దీ పీహెచ్ అంకె తగ్గుతుంది. ఆ అంకె 4.6 కంటే తక్కువైతే ఈ సూక్ష్మజీవి పెరగదు. టమాటా ఈ గీతకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. తగినంత చింతపండు కలిస్తే సురక్షితమైన వైపునకు వస్తుంది.

పచ్చడిపై తేలే నూనె గాలిని అడ్డుకుని బూజును నివారిస్తుంది. పులుపు లేని వంకాయ, కాకర, వెల్లుల్లి ముక్కలను ఒట్టి నూనెలో ముంచి నెలల తరబడి బయట ఉంచితే మాత్రం, గాలి లేని ఆ స్థితే సూక్ష్మజీవికి అనుకూలిస్తుంది.

ఉప్పు తగ్గితే ముప్పు

ఉప్పు ముక్కల్లోని నీటిని వెలుపలికి లాగుతుంది. ఆవకాయ కలిపిన మూడో రోజున జాడీ తెరిచి తిరగకలపడం ఇందుకే. అప్పటికి దిగిన ఊటతో ఉప్పు, కారం ప్రతి ముక్కకూ పడతాయి. తర్వాత ముక్కలు మునిగేలా నూనె పోసి, జాడీ మూతికి వాసెన కడతారు. ముక్కలు నాలుగు కొలతలైతే ఉప్పు, కారం, ఆవపిండి తలా ఒక కొలత అన్నది పెద్దల లెక్క. ఇళ్లను బట్టి ఇది కొంత మారుతుంది. ఉప్పునీటిలో ఊరబెట్టి విక్రయించే పచ్చళ్లకు ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం కనీసం 12 శాతం ఉప్పు ఉండాలి.

రక్తపోటుకు భయపడి కొందరు పచ్చడిలో ఉప్పు తగ్గిస్తున్నారు. దీంతో నెల తిరగకుండానే బూజు పడుతోంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు మించరాదు. అందుచేత ఉప్పు తగ్గించవలసింది జాడీలో కాదు, కంచంలో. పచ్చడిని తక్కువగా వడ్డించుకోవడమే ఉత్తమం.

ఎండకు చేరేవి

వంకాయ, కాకర, గోరుచిక్కుడు వంటి పులుపు లేని కాయలను పూర్వం చక్రాలుగా, ముక్కలుగా కోసి వరుగులు చేసేవారు. బూడిద గుమ్మడి మినప్పిండితో కలిసి వడియమవుతుంది. పచ్చిమిరప ఉప్పు వేసిన పుల్లని మజ్జిగలో నాని, ఎండి చల్ల మిరపకాయ అవుతుంది. పులుపు, ఉప్పు, ఎండ మూడూ దీనికి కాపలా కాస్తాయి. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి, వేపాకు వేసి దాచడం పల్లె ఇళ్లలో వాడుక.

నీరు లేనిచోట సూక్ష్మజీవులు పెరగలేవు. వరుగుల్లో తేమ సుమారు 10 శాతంలోపునకు దిగాలి. దీన్ని తెలుసుకోవడానికి యంత్రం అవసరం లేదు. వంచితే సాగకుండా ఫట్‌మని విరగాలి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల ఎండ, పొడిగాలి ఇందుకు అనువైనవి. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చేలోగా ఈ పని ముగించుకోవాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

- దుమ్ము, పొగ అధికంగా ఉండే వీధుల్లో ఎండబెట్టిన వాటిపై పలుచని గుడ్డ కప్పాలి.
- రాత్రి గాలిలోని తేమను తిరిగి పీల్చుకోకుండా పొద్దుగూకేలోగా లోపలికి తేవాలి.
- వేడి పూర్తిగా చల్లారాకే డబ్బాల్లో పోసి మూత పెట్టాలి.
- పచ్చడికి వాడే జాడీ, గరిటె, చేయి తడి లేకుండా ఉండాలి. రోజూ వాడకానికి చిన్న సీసాలోకి తీసుకోవాలి.
- బూజు పట్టిన ఎండుమిర్చి, వేరుసెనగ, వరుగులను పైపైన తుడిచి వాడరాదు. కొన్ని బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ కాలేయానికి హానికరం. అది కంటికి కనిపించదు, వండినా పూర్తిగా పోదు.

అమ్మకానికైతే..

ఇంటి అవసరం దాటి పచ్చళ్లు, వరుగులు విక్రయించేవారు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు చేసుకోవాలి. మైసూరు కేంద్రంగా పనిచేసే కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు హబ్సిగూడలో వనరుల కేంద్రం ఉంది. నిల్వ పద్ధతులపై అనుమానాలుంటే ఉప్పల్, నాచారం వాసులు దూరం వెళ్లకుండానే అక్కడ సంప్రదించవచ్చు.

పుష్యంలో చింతకాయ తొక్కు, మాఘ ఫాల్గుణాల్లో కొత్త చింతపండు, చైత్ర వైశాఖాల్లో ఆవకాయ, వరుగులు, కార్తీకంలో ఉసిరి.. ఇంటి నిల్వకు ఏడాది క్రమం ఇది. మేడపై నాలుగు కుండీలున్నా ఈ క్రమం పాటిస్తే, కాపు రోజుల్లో మిగిలింది వానాకాలంలో కూరకు ఆసరా అవుతుంది.