రొండిన పిస్తోలు

అమెరికాలో తుపాకీ కొన్నవాడు పిస్తోలుకు ధారాళంగా ఖర్చు పెడతాడు. ఒరకూ బెల్టుకూ వచ్చేసరికి చెయ్యి బిగుసుకుంటుంది. రోజంతా ఒంటిని ఒరుసుకునేవి ఆ రెండే. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టం అడ్డు లేనివాళ్లు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. లైసెన్సు కోసం కూర్చోవలసిన క్లాసు కూడా దాంతోపాటే తప్పనిసరి కాకుండా పోయింది. ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పుడు చాలామంది అద్దం ముందు నిలబడి తేల్చుకుంటున్నారు. (హెచ్1బీ మీదున్న మనవాళ్లకు ఈ చిక్కు దాదాపు లేదు. వేట లైసెన్సు వంటి మినహాయింపులుంటే తప్ప ఫెడరల్ చట్టం వాళ్లను తుపాకీ ఉంచుకోనివ్వదు.)

అద్దం ముందు నిలబడటమే పొరపాటు. మనిషి రోజంతా నిలబడి ఉండడు.

అక్కడివాళ్లు నడుమును గడియారంలా లెక్కగడతారు: బొడ్డు పన్నెండు, కుడి తుంటి మూడు, వెన్నెముక ఆరు. మూడు పోలీసుల చోటు. చెయ్యి వేలాడిన చోటే పిడి అందుతుంది, వాళ్లకు దాచుకునే పనీ లేదు. దాచుకోవలసినవాడు కాస్త వెనక్కి, నాలుగుకు జరుపుతాడు. అక్కడ తుంటి వెనక పల్లంలో బాగానే ఇముడుతుంది. కొట్లో కింది అరలో ఉన్న బియ్యం బస్తా కోసం వంగితేనే చొక్కా కింద గూనిలా లేస్తుంది. ఆరు దగ్గర పెట్టుకున్నవాడు వెల్లకిలా పడితే ఇనుము నేరుగా వెన్నుపూసకు తగులుతుంది. సినిమా హీరోలకు ఆ చోటు నప్పుతుంది, వాళ్లు కుర్చీలో కూర్చోరు కదా.

అసలు వాదమంతా ఒంటిగంట దగ్గర. అపెండిక్స్ ఉండే వైపు కాబట్టి ఆ పేరే పెట్టారు. వదులు చొక్కా కింద కనబడదు, ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది, వెనకనుంచి ఎవరూ లాక్కోలేరు. కానీ కూర్చుంటే గొట్టం తొడలోని పెద్ద రక్తనాళం వైపు చూస్తుంది. పైకి తీసేటప్పటికన్నా తిరిగి ఒరలో పెట్టేటప్పుడే ఎక్కువ భయం. చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కుంటే చాలు. అందుకే జాగ్రత్తపరులు ఒరను బెల్టు మీంచి విప్పి, పిస్తోలు అందులో పెట్టాక, రెండింటినీ కలిపి తగిలించుకుంటారు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర అయితేనే ఈ మాటలన్నీ.

ఒరే లేకపోతే? చుట్టా, పొగాకూ రొండిన దోపుకోవడం మనకు కొత్త కాదు. ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్ 2008 నవంబరులో మన్‌హాటన్ క్లబ్బుకు గ్లాక్ పిస్తోలును అలాగే, ఎలాస్టిక్ నడుం పట్టీలో దోపుకుని వెళ్లాడు. అది జారింది, పట్టుకోబోయాడు, తొడలో తూటా దిగింది. ఆపైన రెండేళ్ల జైలు శిక్ష. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సూపర్‌బౌల్‌లో గెలుపు బంతి ఒడిసిపట్టిన చేతులవి.

ఎక్కడ పెట్టుకున్నా మరుగుదొడ్డి పరీక్ష తప్పదు. బెల్టు వదులవగానే ఒర వేలాడుతుంది, తీసి పక్కన పెట్టబుద్ధవుతుంది. వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనానికి కాపలా ఉండే పోలీసులే బాత్‌రూముల్లో గ్లాక్‌లు మరిచి వచ్చిన సంగతి 2015లో బయటపడింది. ఒకటి చిన్నపిల్లవాడి కంటబడింది.

ఒంటిమీద పెట్టుకోలేక సంచిలోకి మార్చేవాళ్లున్నారు. 2014 డిసెంబరు 30న ఐడహోలోని హేడెన్‌లో ఒక దుకాణానికి వచ్చిన తల్లి హ్యాండ్‌బ్యాగులో, తుపాకీ కోసమే కుట్టిన అరలో, పిస్తోలు ఉంది. పక్కనున్న రెండేళ్ల బిడ్డ దాన్ని బయటికి తీశాడు, అది పేలింది. ఆ తల్లి ఆ దుకాణంలోనే చనిపోయింది.

కాబట్టి ఒక చోటు ఖాయం చేసుకునే ముందు ఖాళీ పిస్తోలుతో, తూటాలు వేరే గదిలో ఉంచి, ఒక వారం ఇంట్లో తిరిగి చూడటం మేలు. కారెక్కాలి, బూటు లేసు కట్టుకోవాలి, కమోడ్ మీద కూర్చోవాలి. మధ్యాహ్నానికే విప్పి బల్లమీద పడేశారంటే, ఆ చోటు మీది కాదు.