పిన్నీసు పూర్వకథ

పెదకాకాని మల్లేశ్వరస్వామివారి కోవెల సమీపమున గాజుల దుకాణములయందు, సవరములకును నల్లపూసలకును నడుమ, అట్టకు గ్రుచ్చిన పిన్నీసులును రాళ్లు పొదిగిన చీర బ్రోచీలును వ్రేలాడుచుండును. బ్రోచీ ఆభరణమనియు, పిన్నీసు పనిముట్టనియు కొనువారి తలంపు. వెనుకకు త్రిప్పి చూచినచో రెండింటను ఉన్నవి సూదియు, దానిని పట్టు కొక్కెమునే. బ్రోచీ అను పేరును మొననుండి పుట్టినదే: ప్రాచీన ఫ్రెంచిలో ఆ పదమునకు మాంసమును గ్రుచ్చి కాల్చు చువ్వయని అర్థము. ముత్యములును కెంపులును పిదప వచ్చి చేరినవి.

క్రీస్తుకు పూర్వము 13వ శతాబ్ది ప్రాంతమున మైసీనీ గ్రీకులును ఉత్తర ఇటలీవారును కంచుతీగను ఫిడేలు కమానువలె వంచి, ఒక కొనను చుట్టచుట్టి, రెండవ కొనను కొక్కెమునకు తగిలించి ఉత్తరీయములను నిలుపుకొనిరి. రోమనులు దీనినే ఫిబులా యనిరి.

ఈ యంత్రము ప్రాణమంతయు ఆ చుట్టయందే కలదు. తీగను ఒక్కచోట మడిచినచో ఒత్తిడియంతయు ఆ మడతపైఁ బడి, అది వంగినట్లే యుండిపోవును, లేదా విఱుగును. చుట్టగా త్రిప్పినచో అదే వంపు తీగ పొడుగునఁ బంచుకొనఁబడి, ఏ భాగమును స్థితిస్థాపక పరిమితిని దాటదు. అందువలన మూసిన సూది తెఱచుకొనవలెనని నిరంతరము పెనఁగులాడుచు, ఆ పెనఁగులాటచేతనే కొక్కెమున కదిమికొని నిలుచును.

మఱచిపోయిన ఈ సూక్ష్మమునకు 1849 ఏప్రిల్ 10న అమెరికాలో వాల్టర్ హంట్ పేటెంటు పొందెను. 15 డాలర్ల అప్పు తీర్చుటకై హక్కులను 400 డాలర్లకు అమ్ముకొనెనని ప్రతీతి. అంతకుముందే కుట్టుమిషను నిర్మించియు దానికి పేటెంటు తీసికొనని మనిషికి బేరసారము లెట్లు తెలియును!

మన సీమలో చీరకట్టునకు సూది యక్కఱలేకుండెను. కుచ్చిళ్లు దోపి, పైట నడుమునకు బిగించిన నూలుచీర, దారముల రాపిడిచేతనే మిరపకోత ముగియువఱకు జాఱకుండ నిలుచును. వంగదేశమున ఠాకూరుల కోడలు జ్ఞానదానందినీదేవి ప్రచారమునకుఁ దెచ్చిన కట్టుతో ఎడమభుజముపై బ్రోచీ వెలసినది. నైలాను వంటి నునుపుబట్టలు వచ్చిన పిమ్మట పిన్నీసు తప్పనిసరి యైనది. నేఁడది గాజునకో పుస్తెలత్రాటికో వ్రేలాడుచు, కాలిముల్లు తీయుటకును లంగాబొందు ఎక్కించుటకును పనికివచ్చుచున్నది.

దానికొక దోషమును లేకపోలేదు: బలమిచ్చు చుట్టయే పట్టుదారమును లోనికి లాగికొని చీరను చింపును. అందుకే తెలిసిన ఇల్లాండ్రు ముందుగా ఒక చిన్నపూసను సూదికెక్కించి, చుట్టవఱకు జరిపి, ఆపైననే పైటకుఁ గ్రుచ్చుకొందురు.